బూజులు దులిపే రోజుల్లో పశువుల పాక

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మహాలయ పక్షం దాటీ దాటకముందే మన ఇళ్ళల్లో హడావుడి మొదలవుతుంది కదండీ! దసరా వస్తోందని బూజులు దులుపుతాం. అటక మీది ఇత్తడి సామాను దించి చింతపండు పెట్టి తోముతాం. బొంతలూ దుప్పట్లూ ఎండలో వేస్తాం. ఇంటికి ఇంత మర్యాద చేస్తాం గానీ, ఆ ఇంటికి పాలూ పెరుగూ ఇచ్చి, పిల్లల ఫీజులకి అక్కరకొచ్చే గేదె వుండే పాక వైపు ఆ చీపురు పట్టుకుని ఎంతమందిమి వెళతాం? 'అది మగవాళ్ళు చూసుకుంటారులే' అనుకుంటాం. నిజానికి చాలా ఇళ్ళల్లో కుడితి పెట్టేదీ, పేడ తీసేదీ, పాలు పితికేదీ మనమే. పశువుకి ఒంట్లో నలతగా వుందని ముందుగా తెలిసేదీ మనకే.

అందుకని ఈ రోజు శరదృతువు రాకముందే పశువులకీ, పాకకీ, వున్న ఎకరం రెండెకరాల చేనుకీ మనం చేసుకోవలసిన పనుల గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఇందులో కొంత మా అమ్మ దగ్గరా, మా అత్తగారి దగ్గరా నేర్చుకున్నది. కొంత పశువుల డాక్టర్లని అడిగి తెలుసుకున్నది. ఒకటి రెండు సంగతులు మాత్రం నష్టపోయి నేర్చుకున్నవి.

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. తెల్ల మబ్బులు, పండు వెన్నెల, తేటపడ్డ చెరువులు అని చిన్నప్పుడు బడిలో వ్యాసాలు రాసేవాళ్ళం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాపురాలు చేసేవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు. నైరుతి ఋతుపవనం వెనక్కి మళ్ళి, గాలి ఈశాన్యానికి తిరిగే రోజులివి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులూ ఇవే. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టిన తుఫాను 1996 నవంబరు 6న. విశాఖపట్నం మీదికి హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, శ్రీకాకుళం జిల్లా మీదికి తిత్లీ 2018 అక్టోబరు 11న. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. ఈ తేదీలన్నీ రెండు నెలల లోపలివే చూడండి.

సరిగ్గా అప్పుడే చేలో సార్వా వరి పొట్ట మీదో కంకి మీదో వుంటుంది. గడ్డిమేటు తరిగిపోయి వుంటుంది. గేదెలు ఎక్కువగా ఈనేది కూడా ఈ కాలంలోనే. అంటే మనకి వున్న ఆస్తి అంతా ఒక్కసారే ఆరుబయట వుండే కాలమన్న మాట. ముసురు పట్టిన తర్వాత పరుగెత్తటం ఇల్లు కాలాక బావి తవ్వటం లాంటిది. దసరాకి ముందు దొరికే పదిహేను ఎండ రోజులే మన చేతిలో వున్నవి.

ముందు పాక సంగతి. మంచి ఎండ వున్న రోజు చూసి పశువులన్నిటినీ బయట కట్టి పాక ఖాళీ చెయ్యండి. బూజులు దులపండి. మేత వేసే గాడి అడుగున పేరుకున్న పాత మేత తీసేసి, కడిగి ఆరనివ్వండి. వానాకాలమంతా తొక్కి తొక్కి నేల గుంటలు పడి వుంటుంది. ఆ గుంటల్లో మూత్రం, వాననీరు నిలిస్తే గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి. పశువు ఆ తడిలో పడుకుంటే పొదుగువాపు వస్తుంది. గుంటలు కంకరమట్టితో పూడ్చి, దిమ్మిస కొట్టించి, నేల కాలవ వైపు వాలుగా వుండేలా చేయించండి. తర్వాత బిందెడు నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు ఎక్కడా ఆగకుండా కాలవలోకి పోతే వాలు సరిపోయినట్టే. ఆఖరున కాస్త పొడిసున్నం చల్లండి.

తాటాకు కప్పు అయితే పట్టపగలు లోపల నిలబడి పైకి చూడండి. ఆకాశం కనబడ్డ చోటల్లా నీళ్ళు కారతాయి. రేకుల కప్పు అయితే బోల్టులు వదులయ్యాయేమో బిగించండి. పెనుగాలికి ఎగిరిన రేకు కత్తి కిందే లెక్క. ఈశాన్యం వైపు ఒక తడిక కట్టించుకోండి. అలాగని పాకని నాలుగు వైపులా మూసెయ్యకండి. లోపలి ఆవిరికి పశువులు దగ్గుతాయి. గోడ వెంబడి ఎలుక బొరియలుంటే పూడ్పించండి. ఎలుక వున్నచోటికి పాము రాక మానదు. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోస్తాం సరే, దూడ పక్కన మాత్రం ఆ స్వామి వుండకూడదు కదా!

ఇక గడ్డి. మా అత్తగారు ఈ రోజుల్లో గడ్డిమేటు దగ్గరకి వెళ్ళి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి చూసేవారు. లోపల వెచ్చగా తగిలితే మేటులోకి తడి దిగిందన్న మాట. ఆ వైపు గడ్డి పీకించి ఎండలో వేయించేవారు. నాకు మొదట్లో అది చాదస్తం అనిపించేది. తర్వాత డాక్టరుగారు చెబితే తెలిసింది. బూజుపట్టిన వరిగడ్డి చలికాలంలో తినిపిస్తే, ముఖ్యంగా గేదెలకి, తోక చివరా, చెవుల అంచులా, గిట్టల దగ్గరా వాచి, పుండ్లు పడి కుళ్ళుతుందట. ఆ బూజులో వుండే విషమే కారణమట. 'పశువు తింటోంది కదా' అని నల్లబడ్డ గడ్డి వెయ్యకండి. పారేస్తే గడ్డి పోతుంది. పెడితే గేదె పోతుంది.

గడ్డి ఎంత వుందో లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. బియ్యం డబ్బాలో ఎన్ని రోజులకి బియ్యం వున్నాయో మనకి చూడగానే తెలుస్తుంది. మేటు లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. మా ఇంట్లో రెండు గేదెలు, ఒక ఆవు. కాస్త పచ్చగడ్డి దొరికే రోజుల్లో ఒక్కోదానికీ ఆరేడు కిలోల ఎండుగడ్డి పడుతుంది. మూడింటికీ కలిపి రోజుకి 20 కిలోలనుకోండి. దసరా నుంచి సార్వా కోతలై కొత్త గడ్డి ఇంటికి చేరేదాకా 75 రోజులు. అంటే 1500 కిలోలు, పదిహేను క్వింటాళ్ళు కావాలి. ఒక మోపు కాటా వేసి చూసుకుంటే మిగిలినవి కంటితో లెక్కపెట్టెయ్యొచ్చు. తక్కువైతే ఇప్పుడే కొనుక్కోవాలి. తుఫాను తర్వాత అడిగితే గడ్డి వున్నవాళ్ళు చెప్పిందే ధర.

వున్న గడ్డికే బలం పెంచుకునే దారి ఒకటి వుంది. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా పరిచిన గడ్డి మీద చల్లుతూ బాగా తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టాతో మూసి 21 రోజులు మగ్గనివ్వాలి. తర్వాత ఏ రోజుకి కావలసింది ఆ రోజు తీసి, ఘాటు పోయేదాకా గాలికి ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. కానీ రెండు జాగ్రత్తలు. ఆరు నెలల లోపు దూడలకి ఇది పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బకెట్ దగ్గరకి ఏ పశువునీ రానివ్వకూడదు. ఆ నీళ్ళు తాగితే ప్రాణానికే ముప్పు. మొదటిసారి చేసేటప్పుడు తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకుని చెయ్యండి.

మూడోది టీకాలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పదేళ్ళ కిందటి మాట. మా గేదె రెండు పూటలా కలిపి ఎనిమిది లీటర్లు ఇస్తోంది. గాలికుంటు టీకాలు వెయ్యటానికి మనుషులు వీధిలోకి వచ్చారని తెలిసింది. సూది వేస్తే పాలు తగ్గుతాయని ఎవరో అన్నారు. దసరాకి ఆడపడుచులు వస్తున్నారు, పాలు కావాలి. నేను గుట్టుచప్పుడు కాకుండా గేదెని పెరటి దారిన కాలవగట్టుకి తోలేశాను. 'మేతకి వెళ్ళిందండీ' అని చెప్పి వాళ్ళని పంపించేశాను. కార్తీకంలో వూళ్ళో గాలికుంటు వచ్చింది. మా గేదె నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ, నాలుక మీద పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు. మేత ముట్టదు, లేచి నిలబడలేదు. ఎనిమిది లీటర్ల పాలు రెండు లీటర్లకి దిగిపోయాయి, ఆ ఈతలో మళ్ళీ పెరగలేదు. ప్రాణంతో బయటపడింది గానీ, ఆ తర్వాత ఎండాకాలం వస్తే చాలు కుక్కలా రొప్పేది. మా వారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును అనిపించింది.

సూది వేసిన తర్వాత ఒకటి రెండు రోజులు పాలు కాస్త తగ్గొచ్చు. అంతే. నేను కాపాడుకోబోయింది రెండు రోజుల పాలు, పోగొట్టుకున్నది ఆ ఈత పాలన్నీ. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించాలి. దీన్ని దేశమంతా ఉచితంగా వేసే పథకం 2019లో మొదలైంది. గొంతువాపు టీకా అసలు వానలకి ముందే వేయించాలి. మరిచిపోయినవాళ్ళు ఇప్పుడైనా పశువుల ఆసుపత్రిలో అడగండి. ఆవులున్నవాళ్ళు ముద్దచర్మ వ్యాధి టీకా గురించి కూడా అడగండి. 2022లో ఎన్నో రాష్ట్రాల్లో ఆవుల్ని పొట్టన పెట్టుకున్న జబ్బు అది. దోమలూ ఈగలూ మోసుకొస్తాయి. పాకలో వేపాకు పొగ వేసేది అందుకే. పొగ వేసినప్పుడు మాత్రం నిప్పు ఆరేదాకా అక్కడే వుండండి.

టీకాకి రెండు వారాల ముందు నట్టల మందు తాగిస్తే మంచిది. కాలవల్లో, చెరువుల్లో నత్తల వల్ల కార్జపు జలగలు పడతాయి. పశువు చిక్కిపోవటం, పారుకోవటం, దవడ కింద సంచిలా నీరు దిగటం వీటి గుర్తులు. చిన్న డబ్బాలో కాస్త పేడ పట్టుకెళ్ళి ఆసుపత్రిలో చూపిస్తే ఏ మందు, ఎంత అన్నది వాళ్ళే చెబుతారు. చూడి పశువు అయితే ఆ సంగతి ముందే చెప్పండి. కొన్ని మందులు చూడి పశువులకి పనికిరావు.

టీకా వేసినప్పుడు చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేస్తారు. దాని మీద 12 అంకెల నంబరు వుంటుంది. చాకలి పద్దు రాసుకునే పుస్తకంలోనైనా సరే, ఆ నంబరు రాసి పెట్టుకోండి. బీమాకైనా, రేపు నష్టం రాయించుకోవటానికైనా ఆ పశువు మీదేనని చూపించటానికి పనికొస్తుంది.

ఈ కాలంలో ఈనే గేదె గురించి ఒక్క మాట. జున్ను అంటే మనందరికీ ఇష్టమే. ఇరుగుపొరుగుకి పంచటం మర్యాద కూడాను. కానీ మొదటి ముర్రుపాలు దూడవి. పుట్టిన గంట, రెండు గంటల్లో దూడ కడుపులో ఆ పాలు పడాలి. దానికి అదే మొదటి టీకా. ముసురులో పుట్టిన దూడని పొడిగుడ్డతో తుడిచి, గోనెసంచి కప్పి, పొడిగడ్డి మీద పడుకోబెట్టండి. రెండో వారంలో దూడకి మొదటి నట్టల మందు మరిచిపోకండి. ఆ పాముల వల్ల గేదె దూడలు పోతాయి.

కోళ్ళున్నవాళ్ళు కొక్కెర తెగులు టీకా వేయించుకోండి. టీకా మందు ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులోనే తేవాలి. చేతిసంచిలో ఎండలో తెస్తే నీళ్ళు వేసినట్టే. ఈ రోజుల్లో పెట్టలు ఈకలు రాల్చి గుడ్లు తగ్గించేస్తాయి. దిష్టి తగిలిందని బెంగపడకండి. పగలు కురచబడుతుంది కదా, కోడికి గుడ్డు పెట్టాలంటే వెలుతురు కావాలి. గూట్లో తడి లేకుండా చూసి, కాస్త నూకలూ తవుడూ ఎక్కువ వేస్తే పొద్దు పెరిగాక మళ్ళీ అవే పెడతాయి.

చేను సంగతి ఎక్కువ చెప్పను, మీ ఇళ్ళల్లో తెలిసినవాళ్ళుంటారు. మురుగు బోదెలు మాత్రం ఇప్పుడే పూడిక తీయించండి. పై చేను నీరు కింది చేనుకి పోవాలి కాబట్టి ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. నలుగురూ కలవాలి. అరటిగెలలకి వెదురు పోట్లు పెట్టించండి. ఇంటి మీదికి వాలే కొబ్బరిచెట్టుకి ఎండుమట్టలూ, ముదురుకాయలూ దింపించండి. వాన వెలిసాక పడిపోయిన వరి నీళ్ళలో నానుతుంటే, నీళ్ళు తీసేసి, నాలుగైదు దుబ్బులు కలిపి జడలా కట్టి నిలబెడతారు. గింజ కంకి మీదే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొడతారు. అందుకని నాలుగైదు కిలోల కల్లుప్పు ఇంట్లో పెట్టుకుంటే ఆ రోజు కొట్టుకి పరుగెత్తనక్కర్లేదు. కోతకి కొద్ది రోజుల ముందు తడి మీద పిల్లిపెసరో జనుమో చల్లించుకుంటే తర్వాత పచ్చిమేత దొరుకుతుంది.

మధ్యలో దీపావళి వస్తుంది. పిల్లలు తారాజువ్వలు వెలిగిస్తే అవి ఎటు పోతాయో వాటికే తెలియదు. గడ్డిమేటూ తాటాకు పాకా వున్నవైపు కాల్చనివ్వకండి. ఆ రాత్రి మేటు దగ్గర రెండు బిందెల నీళ్ళూ, తడిపిన గోనెసంచులూ వుంచండి.

ఇక ఆఖరి సంగతి. అసలు దీనికోసమే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నాకు పద్నాలుగేళ్ళు. మా పుట్టిల్లు కోనసీమలో. మా నాన్నగారు పని మీద అమలాపురం వెళ్ళి దారిలో చిక్కుకుపోయారు. ఇంట్లో అమ్మా, నేనూ, తమ్ముడూ. చీకటి పడ్డాక గాలి పెరిగి, కొబ్బరిచెట్లు ఒకటొకటే విరిగి పడుతుంటే ఆ చప్పుడుకి చెవులు మూసుకున్నాం. పాకలో గేదెలు అరుస్తున్నాయి. అమ్మ కొడవలి తీసుకుని, నడుముకి కొంగు బిగించి వెళ్ళింది. వద్దన్నా నేనూ వెనకే వెళ్ళాను. రెండు గేదెల పలుపులు కోసేసింది. అవి చీకట్లోకి పరుగెత్తాయి. మూడోది తాళ్ళు తెంపుకుంటోందని అంతకు ముందు నెలలోనే దానికి ఇనప గొలుసు వేశారు. కొక్కెం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బెదిరిన పశువు గుంజుతుంటే గొలుసు ఇంకా బిగిసింది. అమ్మ రెండు చేతులతోనూ లాగింది. అంతలో పెరటి చెట్టు పాక మీదికి వాలుతున్న చప్పుడు. అమ్మ నన్ను పట్టుకుని బయటికి ఈడ్చింది.

తెల్లవారి చూస్తే, విప్పిన రెండూ రామాలయం మెట్ట మీద నిలబడి వున్నాయి. మూడోది చెట్టు కింద. ఇంకో నెలలో ఈనవలసిన చూడిగేదె. అమ్మ ఏడవలేదు. ఆ గొలుసు కొక్కెం చేతిలో పట్టుకుని చాలాసేపు అలా తిప్పుతూ కూర్చుంది.

ఇప్పుడు తుఫాను కబురు మూడు నాలుగు రోజుల ముందే ఫోనులోనూ, రేడియోలోనూ తెలిసిపోతోంది. అయినా ఎంత కబురు వచ్చినా కట్టు విప్పవలసింది మన చెయ్యే. గాలి మొదలయ్యాక కాదు, పగటి వెలుతురులోనే పశువుల్ని మెరక మీదికి తోలండి. చెట్ల కిందా, కరెంటు తీగల కిందా, కూలేలా వున్న గోడల పక్కనా కట్టకండి. మూడు రోజుల మేత పట్టాలో చుట్టి ఎత్తున పెట్టండి. మంచినీళ్ళు డ్రమ్ములో నింపండి. తోలటానికి వీల్లేకపోతే కట్లు విప్పి వదిలెయ్యండి. కట్టు లేని పశువు తన దారి తను వెతుక్కుంటుంది. కట్టు వున్నది వున్నచోటే మునిగిపోతుంది.

అందుకని రేపు బూజులు దులిపేటప్పుడు పాకలో ఈ రెండు పనులూ చెయ్యండి. గొలుసులుంటే కొక్కేలకి నూనె రాసి ఆడుతున్నాయో లేదో చూడండి, లేకపోతే తీసేసి పలుపు వెయ్యండి. ముడి ఒక్క లాగుకి వూడేలా వెయ్యండి. కళ్ళు మూసుకుని విప్పి చూడండి, ఎందుకంటే ఆ రాత్రి దీపం వుండదు. పాక గుంజకి, పిల్లలకి అందని ఎత్తులో, పదునైన కొడవలి ఒకటి దోపండి. మా ఇంట్లో ఆయుధపూజ నాడు అన్నిటితో పాటు ఆ కొడవలికీ పసుపూ కుంకుమా పెడతాను. మళ్ళీ తీసుకెళ్ళి దాని చోట దాన్ని దోపేస్తాను.

దానితో పని పడకుండానే మీకూ మాకూ ఈ శరత్తు వెళ్ళిపోవాలని కోరుకుంటున్నాను.